అలుగు గుంత

సెప్టెంబర్ 18, గురువారం

ఈ రోజు మొదటి ఆశ్చర్యం తెల్లవారీ తెల్లవారకముందే ఎదురైంది. చెరువు కట్ట చివర, నీళ్ళు నిండితే పొర్లిపోయే రాతి గోడ పక్కన, ఒక తాబేలు వెనక్కాళ్ళతో గుంత మీద మట్టి కప్పుతోంది. నేను ఉన్నచోటే కూర్చుండిపోయాను. ఒక కాలితో మట్టి తోస్తుంది, ఆగుతుంది, రెండో కాలితో తోస్తుంది. అవ్వ పిండి పిసికేటప్పుడు ఇలాగే మధ్యమధ్య ఆగుతుంది. పని అయ్యాక పొట్టతో మట్టి చదును చేసి, వెనక్కి చూడకుండా నీళ్ళలోకి దిగిపోయింది.

మనోరమ మేడం తాబేళ్ళ జట్టులో చేరిన దగ్గర నుంచి రోజూ పొద్దున్నే కట్ట మీద తిరుగుతున్నాను. ఇప్పటిదాకా నాకు దొరికినవన్నీ కుక్కలు తవ్వి తిన్న గుంతలే, పెంకులే. నిండు గుంత ఇదే మొదటిసారి.

మామూలుగా అయితే గుంత మీద ఇనుప జాలీ బోర్లించి వదిలేస్తాం. వచ్చే ఏడాది తొలకరి దాకా గుడ్లు మట్టిలోనే ఉంటాయట. కాని ఈ తల్లి చోటు సరిగ్గా చూసుకోలేదు. గోడ అంచుకంటే కిందనే పెట్టింది. చెరువు నిండితే గుంత మునుగుతుంది, పొర్లితే మట్టితో సహా కొట్టుకుపోతుంది. అంతకుముందే తీసి ఎత్తు మీద పెట్టాలి. తీసేటప్పుడు జట్టును వెంట తిప్పే ఫణిభూషణ్ అన్నగానీ మేడంగానీ పక్కన ఉండాలని రూలు. మేడం ఢిల్లీలో ఏదో సభలో ఉన్నారు.

ఆ రాతి గోడను మా ఇంట్లో మత్తడి అంటారు. దాన్ని అలుగు అని కూడా అంటారని మొన్న పేపర్లో చదివాను. మూడక్షరాలు. నోట్లో నీళ్ళు జారినట్టు ఉంది. అందుకని జట్టు గ్రూపులో ఇలా రాశాను:

"అలుగు గుంత. తాజాది. ఈ ఉదయమే తవ్వింది."

చోటు గుర్తు కూడా పంపాను. మాటలు తక్కువగా ఉంటేనే రాత బాగుంటుందని చలపతిరావు సార్ తెలుగు క్లాసులో చెప్పారు. ఇంతకంటే తక్కువలో ఎవరూ రాయలేరనుకుంటాను.

ఫణి అన్న అభినందనల బొమ్మలు చాలా పెట్టాడు. ఎండాకాలంలో మా జట్టులోంచి ఇద్దరిని దీవికి పంపుతారట, అన్న రెండేళ్ళు సముద్రపు తాబేళ్ళతో పనిచేసి వచ్చిన దీవికి. నాకు పెద్ద ఆశేమీ లేదు.

మత్తడి దగ్గర మా బాపు చేపల వల కట్టే కట్టెలు కనిపించలేదు. నీళ్ళు పెరిగాయి కదా, మునిగి ఉంటాయి.

బాపు ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే నాకేం.


సెప్టెంబర్ 19, శుక్రవారం

పొద్దున.

మా గుంత కోసం జీపు వచ్చింది! కాలేజీ బస్సుకు టైమవుతోంది, అయినా రాయకుండా ఉండలేను.

మత్తడి చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. సిటీ నుంచి వచ్చిన వన్యప్రాణుల సంఘం వాళ్ళట. వాళ్ళ పెద్ద పేరు భానుప్రకాశ్. వానకోటు వేసుకుని, చాలా మెల్లగా, నిద్రపోతున్న పాప పక్కన మాట్లాడినట్టు మాట్లాడతాడు.

"మీరేనా అంకిత? చూసింది మీరేనా?"

"అవును సార్."

"అదృష్టవంతులమ్మా. ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాను, బయట ఒక్కసారి కూడా చూడలేదు."

"మా చెరువుల మస్తుంటయి సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మస్తుంటాయా?"

"వలల పడుతనే ఉంటయి."

"వలలో? దేవుడా. మనిషి కనబడితే ముడుచుకుపోతుంది కదా, చాలా సిగ్గరి జంతువు."

"అవును సార్, తల లోపలికి గుంజుకుంటది."

"అదే, అదే," అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పై ఆఫీసర్ సోమవారం వచ్చి చూసేదాకా ఎవరూ రిబ్బను దాటకూడదట, మట్టి ముట్టుకోకూడదట. చెట్టుకు కెమెరా కట్టారు. ఒక్క తాబేలు గుంతకు ఇంత గౌరవం. నా మూడు ముక్కల రాతకు ఇంత బలం ఉందా అనిపించింది.

సాయంత్రం.

ఫణి అన్న గండిమైసమ్మ నుంచి ఫోన్ చేశాడు. ఆయనది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. ఏం చెప్పినా పాట పాడినట్టే ఉంటుంది.

"అంకితా, నీ అలుగు పెద్ద న్యూసయిపోనాది. సిటీ గ్రూపుల్లో అంతా దాని గురించే. అది చీమలు తింటాదా, చెదలు తింటాదా అని ఒకటే గొడవ."

"అలుగు చీమలను తినుడేంది అన్నా?"

"మరేటి తింటాది?"

"రాతి గోడ ఏం తింటది?"



"గోడేటి?"

"అలుగంటే గోడ గద. చెరువు నిండితే నీళ్ళు దుంకే గోడ."

"అలుగంటే అలుగు. ఒళ్ళంతా పొలుసులుంటాయి. బంతిలాగ చుట్టుకుపోతాది. నేను ఊరంతా పంపీసేను కదమ్మా."

నిఘంటువు తీశాను. అలుగు: చెరువు నిండినప్పుడు నీరు పొర్లిపోయే చోటు. అలుగు: పొలుసులు గల ఒక అడవి మృగం. అలుగు: బాణపు మొన. అలుగు: కోపగించుకొని మాటలాడకుండు. మూడక్షరాల్లో ఇంతమంది కాపురం ఉంటారని నాకేం తెలుసు.

భానుప్రకాశ్ గారి నంబరుకు చేశాను. ఎత్తలేదు. ఫణి అన్నకు మాత్రం ఎత్తారట. "ఇప్పుడు కాదంటే ఎలా? పైకి రిపోర్టు వెళ్ళిపోయింది, సోమవారం ఆఫీసరే చూసి తేలుస్తారు" అన్నారట.

అన్నం తినేటప్పుడు బాపు అవ్వతో, అంటే నాకు వినబడేలా అవ్వతో అన్నాడు: "పైన చెరువులన్నీ నిండినయి. ఎల్లుండి పొద్దుమూకెవరకు మత్తడి దుంకుతది. కట్ట మీది తిరుగుడు బంజెయ్యమను."

"ఎవల్నిరా?"

"ఎవలు తిరుగుతున్నరో వాళ్ళని."

"గదే ఉంది గద ఎదురుంగ. నువ్వే చెప్పరాదు?"

బాపు చెయ్యి కడుక్కుని లేచాడు. పిన్ని కాన్పు కోసం గాజులరామారం వెళ్ళిన అమ్మ ఉండి ఉంటే ఇంత దూరం రాకపోయేది.

ఎల్లుండి పొద్దుమూకడం అంటే ఆదివారం సాయంత్రం. ఆఫీసర్ వచ్చేది సోమవారం.


సెప్టెంబర్ 20, శనివారం

నీళ్ళు గోడ అంచుకు జానెడు కింద. గుంతకు బారెడు దూరం.


అదే రోజు, మధ్యాహ్నం

రిబ్బను దగ్గరికి వెళ్ళి భానుప్రకాశ్ గారికి అంతా చెప్పాను. ఆయన కోపం చేసుకోలేదు. అదే ఇబ్బంది.

"అది తాబేలు గుంతని నీకు ఖాయంగా తెలుసా?"

"గుడ్లు పెట్టంగ చూసిన సార్."

"గుడ్లు పెట్టడం చూశావా, మట్టి కప్పడం చూశావా?"

కప్పడమే చూశాను.

"చూడమ్మా, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కాకపోతే? పొరపాటున తవ్వి దాన్ని బెదరగొడితే నన్ను నేను క్షమించుకోలేను. తవ్వడానికి నాకు హక్కు కూడా లేదు."

తవ్వితే తెలుస్తుంది. తెలిస్తేనే తవ్వనిస్తారు. ఇలాంటి దానికి తెలుగులో ఒక మాట ఉండాలి, సార్‌ని అడగాలి. లేదు, అడగను. మాటలు వెతికి వెతికే ఇక్కడిదాకా వచ్చాను.

వచ్చే దారిలో మా మత్స్య సంఘం పెద్ద బక్కయ్య తాత ఎదురయ్యాడు. "ఏందే బిడ్డా, ఇయ్యాల మైకు తేలేదా?" అని నవ్వాడు.

మైకు సంగతి ఇక్కడ ఇంతవరకు రాయలేదు. పోయిన ఆదివారం మత్స్య సంఘం మీటింగులో మేడం నన్ను మాట్లాడమన్నారు. రెండు రోజులు కూర్చుని రాసుకున్నాను. "జలచరాల మనుగడ మనందరి బాధ్యత" అని మొదలుపెట్టాను. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మత్తడి పక్కన వలలు తీసేయాలని ముగించాను. చప్పట్లు కొట్టారు. తర్వాత బక్కయ్య తాత లేచి, "జైపాల్, మత్తడి కాడ వల నీదొక్కదే గదరా. నీ బిడ్డ నీకే నోటీసిచ్చె" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఇంటికి వచ్చాక నవ్వలేదు.

నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పుడు కూడా అదే అంటాను.

అవ్వకు రెండు అలుగుల కథ మొత్తం చెప్పాను. రేపు ఎంగిలిపూల బతుకమ్మ కదా, గునుగు పూలకు రంగులు వేస్తూ విన్నది. వేళ్ళన్నీ ఊదారంగు.

"రెండేనా? మూడో అలుగు గిక్కడ నులకమంచం మీద పండలే?" అని బాపు వైపు గడ్డం ఊపింది. బాపు అటు తిరిగి పడుకున్నాడు. వీపు కదిలింది. నవ్వాడేమో, దగ్గాడేమో.

"అవ్వా, నువ్వు చెప్పరాదు బాపుకు? సంఘపోళ్ళ మాట అయితే సార్ ఇంటడు."

"నేను చెప్ప. నా నోరు పోస్టాఫీసా? ఆరు రోజులసంది మీ ఇద్దరి ఉత్తరాలు మోసుడే అయితాంది. ఇగ నావల్ల గాదు."


సెప్టెంబర్ 21, ఆదివారం

చేతులకు మట్టి వాసన ఇంకా పోలేదు. మెల్లగా, వరుసగా రాస్తాను.

పొద్దున లేచేసరికి వాన. చాయ్ పెట్టి బాపు దగ్గరికి తీసుకెళ్ళాను. అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నాడు. దారిలో చాలా వాక్యాలు తయారు చేసుకున్నాను. ఆయన ముందు నిలబడగానే ఒక్కటీ రాలేదు.

"బాపూ, మత్తడి కాడ తాబేలు గుడ్లు పెట్టింది. నీళ్ళొస్తున్నయి. వాళ్ళు తియ్యనిస్తలేరు. నువ్వు రావాలె."

వల కండె ఆగింది.

"ఎందుకు తియ్యనిస్తలేరు?"

చెప్పాను.

"అలుగని రాసినవా?"

"రాసిన."

"మనింట్ల ఎవలన్న అలుగంటరా?"

"అనరు."

"మరెందుకు రాసినవ్?"

"ఆ మాట మంచిగుందని."

"మత్తడి మంచిగ లేదా?"

బాపు చాయ్ తాగాడు. మొత్తం తాగాడు, తొందరపడలేదు. తర్వాత తువ్వాలు తలకు చుట్టుకుని, "నడువు" అన్నాడు.

నడువు. రెండో అర్థం వెతకాల్సిన పని లేని మాట.

మేం వెళ్ళేసరికి నీళ్ళు గుంతకు మూరెడు దూరంలో ఉన్నాయి. భానుప్రకాశ్ గారు గొడుగు కింద కెమెరా బొమ్మలు చూసుకుంటున్నారు. ఆయన మొహం నిన్నటిలా లేదు.

"రెండు రాత్రులు పెట్టాను. ఒక కుక్క, రెండు కొంగలు, ఇంకా ఈ పెద్దాయన."

బాపు తొంగి చూశాడు. "బక్కయ్య. పండ్లు తోముకుంటుండు."

"మీరు?"

"జైపాల్ సార్. సంఘంల ఉంట. గీ పిల్ల నా బిడ్డ." బాపు ఒంగి తడి రాతి గోడను అరచేత్తో చరిచాడు. "మీ అలుగు గిదే సార్. మేం మత్తడంటం. సదువుకున్నోళ్ళు అలుగంటరు. మా పిల్ల సదువుకుంటాంది."

ఎత్తిపొడుపా అని మొహం చూశాను. కాదు. ఊరికే చెప్పాడు, మా పిల్ల కాలేజీకి పోతుంది అన్నట్టు.

"అయితే ఆ జంతువు ఇక్కడ ఉందని మీరెప్పుడైనా..."

"నేనైతే సూడలే సార్. ఉండదని ఒట్టేసి చెప్పలేను. కని ఉన్నా, మత్తడి కింద పండుకునేటంత తెలివితక్కువది గాదు గద. ఇయ్యాల పొద్దుమూకెవరకు గీడ నీళ్ళు దుంకుతయి."

భానుప్రకాశ్ గారు నీళ్ళ వైపు చూశారు. తర్వాత ఆఫీసర్‌కు ఫోన్ చేసి, మాకూ వినబడేలా పెట్టారు.

"సార్, అలుగు అంటే ఇక్కడ... మత్తడి అట సార్."

ఆఫీసర్ మెదక్ దిక్కు మనిషట. ఒక్కసారి దగ్గినట్టు నవ్వాడు. "మత్తడా? అయ్యో. తియ్యమనుండ్రి, జల్దీ తియ్యమనుండ్రి. నేను ఇంక మీదికి పంపలే, నయమైంది."

అప్పుడే ఫణి అన్న బండి మీద తడిసి ముద్దయి వచ్చాడు, థర్మకోల్ డబ్బా కడుపుకు కట్టుకుని. భానుప్రకాశ్ గారికి చేతులు జోడించాడు, నాకూ జోడించాడు, బాపుకు కూడా జోడించాడు. బాపుకు ఎందుకో అర్థం కాలేదు.

"నీ గుంత, నువ్వే తీయ్," అన్నాడు నాతో.

ఒంగి చేతులతోనే మట్టి తీశాను. పైన జిగురు మట్టి, లోపల మెత్తన. ఎంత తీసినా మట్టే. ఒక క్షణం అనిపించింది, నేను చూసింది నిజంగా ఏమిటి? గుడ్లే లేకపోతే? అప్పుడు వేలికి నున్నగా తగిలింది. సున్నం వేసిన పెద్ద గోలీలా ఉంది. ఫణి అన్న "అమ్మయ్య" అని మట్టిలో కూలబడ్డాడు.

గుడ్డు మట్టిలో ఎలా ఉందో అలాగే ఎత్తాలి. పైభాగం మీద పెన్సిల్ గీత పెట్టాలి. తిరగబడితే లోపలి ప్రాణం నిలవకపోవచ్చు. ఒక్కొక్కటే గీత పెట్టి డబ్బాలోని తడి ఇసుకలో పెడుతున్నాను. నీళ్ళు నా మడమలకు తగిలాయి. వెనక్కి చూస్తే బాపు నాకూ చెరువుకూ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో మట్టి తోసి చిన్న కట్ట కడుతున్నాడు. అల వచ్చి కట్టను నాకేస్తుంది, ఆయన మళ్ళీ మట్టి పెడతాడు.

అడుగున ఉన్న గుడ్డు జిగురు మట్టికి అంటుకుపోయింది. లాగితే పగులుతుంది.

"తిప్పకు, తిప్పకు," అంటున్నాడు ఫణి అన్న.

"నువ్వు జర ఊకో తమ్మీ, దాన్ని తియ్యనియ్," అన్నాడు బాపు. తర్వాత నాతో, నెమ్మదిగా, "మట్టితోనే లేపు. గుడ్డును ముట్టకు, మట్టిని లేపు."

మట్టి గడ్డతో సహా దోసిట్లోకి తీశాను. డబ్బాలో పెట్టాను. ఒక్కటీ పగలలేదు. ఒక్కటీ.

కట్టకు అవతల, ఎత్తు మీద, నీడా ఎండా రెండూ పడే చోట కొత్త గుంత తవ్వి పాత గుంతంత లోతులోనే పెట్టాం. గీతలన్నీ పైకే ఉన్నాయి. భానుప్రకాశ్ గారు కూడా మోకాళ్ళ మీద కూర్చుని గొడుగు గుంత మీద పట్టారు, తను తడుస్తూ. "అలుగు కాకపోతే ఏం, ఇదీ ఇరవై ఏళ్ళలో మొదటిసారే చూడటం," అన్నారు. రిబ్బను ఆయనే విప్పి నాకు ఇచ్చారు. పనికొస్తుందట.

జాలీ చాలలేదు. బాపు ఇంటికి వెళ్ళి పాత వల, కొన్ని వెదురు కట్టెలు తెచ్చాడు. కట్టెలు పాతి చుట్టూ వల కడుతున్నప్పుడు ఆ కట్టెలను గుర్తుపట్టాను. చివరలకు నీలం ప్లాస్టిక్ డబ్బాలు కట్టిన గుర్తులు ఉన్నాయి.

"బాపూ, గివి మత్తడి కాడియి గద?"

"ఆఁ."

"ఎప్పుడు తీసినవ్?"

"నువ్వు మైకుల చెప్పిన తెల్లారే."

"మరి నాకెందుకు చెప్పలే?"

బాపు ముడి బిగించాడు. పళ్ళతో దారం కొరికాడు.

"నాకు మైకు లేకపాయె."

ఫణి అన్న అటు తిరిగి పెద్దగా దగ్గాడు. నేను చేతిలో ఉన్న కట్టెను మట్టిలోకి ఇంకొంచెం గుచ్చాను. బాపే అన్నాడు: "ఇంట్ల ఒక్కమాట చెప్తే అయిపోవు గద బిడ్డా. నేను వద్దంటుంటినా?"

"అనకపోదువు."

"ఇగ పట్టు. గా మూల గుంజు."

గుంజాను.

పొద్దుమూకే వేళకు మత్తడి దుంకింది. ఊరు ఊరంతా వచ్చింది. బతుకమ్మలతో వచ్చిన ఆడవాళ్ళు నీళ్ళు చూసి నవ్వుతూ అరుస్తున్నారు, పిల్లలు ఫోన్లు పట్టుకుని ఫోటోలు. తెల్లగా, మందంగా, గోడ పొడుగునా పడుతున్నాయి నీళ్ళు. పొద్దున నేను మోకాళ్ళ మీద కూర్చున్న చోటు లేదు. బాపు కట్టిన చిన్న కట్ట లేదు. ఉందని గుర్తు కూడా లేదు.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. ఆకలి వేసింది. అవ్వ సత్తుపిండి ముద్దలు చేసింది. ఎన్ని తిన్నానో.


సెప్టెంబర్ 22, సోమవారం

మేడం ఢిల్లీ నుంచి ఫోన్ చేశారు. సంగతంతా ఫణి అన్న ముందే చెప్పేశాడట. అలుగు అన్న చోట ఆవిడ మూడుసార్లు నవ్వారు. కొత్త గుంత లోతు అడిగారు, మట్టి తడి అడిగారు. దీవి గురించి ఆవిడ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపటికి గాని గుర్తు రాలేదు.

కుక్కలు రాత్రి వల దాకా వచ్చి వెళ్ళాయి. అడుగులు ఉన్నాయి. లోపల మట్టి కదలలేదు.

సాయంత్రం బక్కయ్య తాత ఇంటికే వచ్చాడు. ముందు కెమెరాలో తన బొమ్మ ఎలా వచ్చిందో అడిగాడు, భానుప్రకాశ్ గారు పంపినదాన్ని నా ఫోన్‌లో చూసి, "నోట్ల నురుగుతోని దీసిండ్రేందే" అని బాధపడ్డాడు. తర్వాత వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"ఏ బిడ్డా, అవతలి ఒడ్డుకు కంపచెట్ల కాడ మట్టి గిట్లనే సదును జేసి ఉంది. పొద్దుగాల వల ఇడుస్తుంటె కండ్ల పడ్డది. నీళ్ళయితే ఇంక దూరమున్నయి. కని ఎంతసేపుంటయో ఎవలికెర్క."

బాపు నా వైపు చూశాడు. "నడిచి పోనీకి తొవ్వ మునిగింది. తెప్ప మీద పోవాలె."

మా తెప్ప థర్మకోల్ ముక్కలకు గోనె చుట్టి కట్టినది. ఫణి అన్నకు ఫోన్ చేసి చెప్పాను. దీవి నుంచి దీవికి పడవల్లో తిరిగిన మనిషి, థర్మకోల్ అనగానే, "మునగదు కదా? తిరగబడదు కదా? అంకితా, నువ్వు నిజంగా ఎక్కేవా ఎప్పుడైనా?" అని మూడు ప్రశ్నలు వేశాడు. వస్తానన్నాడు. చొక్కా లోపల గాలి ట్యూబు కట్టుకుని వస్తాడట.

ఒకేసారి ముగ్గురిని మోయదు తెప్ప. ముందు బాపు నన్ను అవతల దింపి, వచ్చి అన్నను తెస్తాడు. అంతలో నేను గుంత వెతికి ఉంచాలి, తవ్వకూడదు. గుడ్లు తీశాక డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను ముందు రావాలి, అన్న అక్కడే కూర్చోవాలి.

ఇసుక తడిపి డబ్బాలో సగం పోశాను. పెన్సిల్ చెక్కాను. తెప్పకు ఒక మూల గోనె చిరిగితే బాపు ఇప్పుడు కుడుతున్నాడు, నేను ఫోన్ లైటు పట్టాలి, పిలుస్తున్నాడు. వెలుగు రాగానే బయలుదేరాలి.